కాకా మెస్సులో అమ్మ దివసం

కోసపాళయం, పుదుచ్చేరి
14 జూలై 2025

మా మేనకోడలు అర్చితకు,

అత్త ఇక్కడి నుంచే నీ నెత్తిన చెయ్యి పెట్టి రాస్తోంది. యానాం నీళ్లు పడ్డాయా? ఇల్లు బాగుందా? ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిన రోజు "మాట్లాడే తెలుగు ఉంది గానీ చదివే తెలుగు లేదే అత్తా, ఆఫీసులో ఎట్లా నెగ్గుకొస్తా" అని తలుపు పట్టుకుని ఏడ్చావు. అందుకే మనం ఈ ఒప్పందం చేసుకున్నాం. ముఖ్యమైన కబుర్లన్నీ ఉత్తరాల్లోనే, అదీ తెలుగు అక్షరాల్లోనే. చిత్తూరులో మా నాన్న నన్ను తెలుగు బడికి పంపింది ఇన్నాళ్లకు ఇట్లా పనికొచ్చింది. మీ మామకు తమిళంలో లెక్కలు రాయడం తప్ప ఇంకేమీ రాదు కదా.

ఇక్కడ ఒక వింత జరిగింది. మేడ మీద అద్దెకున్న ఇంజనీరింగు పిల్ల నందిత, కాలేజీ ప్రాజెక్టు అంటూ మన మిద్దె పిట్టగోడ మీద ఒక యంత్రం బిగించింది. మీ మామ పాత్రల కొట్లోని స్టీలు డబ్బా, దాని కింద ఒక గరిటె, పక్కన ఒక కెమెరా. లోకంలో ఎవరైనా ఫోన్లో ఆ పేజీ తెరిచి బటన్ నొక్కితే ఇక్కడ గరిటె ఒంగి, కాకికి పిడికెడు అన్నం పడుతుంది. అంతే! దీనివల్ల ఎవరికేం లాభమమ్మా అని అడిగాను. "లాభమేం లేదు ఆంటీ, జనాలకు ఊరికే ఇష్టం" అంది. దానికి 'కాకా మెస్' అని పేరు కూడా పెట్టింది.

మన ఇంట్లో రోజూ కాకికి ఒక ముద్ద పెట్టాకే కదా మనం తినేది. ఇప్పుడు నా ఒక్క ముద్దకు తోడు ఊరూ పేరూ తెలియని వాళ్లు పొద్దుటి నుంచీ పెడుతున్నారు. బియ్యం మాది, పొయ్యి మాది, పుణ్యం మాత్రం వాళ్లది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారే, అచ్చం అదే.

మీ మామ మాత్రం గాల్లో తేలుతున్నారు. కొట్లో గిన్నె కొనడానికి వచ్చిన వాళ్లకు ముందు ఫోన్ చూపిస్తారట. "ఇదో చూడండి, ఎవరో బ్రెజిల్లో పళ్ల డాక్టరంట, మా కాకికి అన్నం పెట్నాడు!" అని. ఎదురింటి లోగనాయకి అయితే వాళ్ల మిద్దె మీద చీరలు ఆరేయడం మానేసింది, కెమెరాలో పడతాయని.

వేళకు తిను. ఒత్తులు అర్థం కాకపోతే కూడబలుక్కుని చదువు, వదిలేయకు.

నీ అత్త,
వసంతకుమారి

యానాం
27 జూలై 2025

అత్తా, అత్తా, అత్తా!

నీ ఉత్తరం చదవడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. మా ఇంటావిడ సత్య గారు ఒత్తుల దగ్గర చెయ్యి పట్టుకుని నడిపించారు. ఈ ఉత్తరంలో తప్పులుంటే నావి, లేకపోతే ఆవిడవి.

ఆఫీసులో మొదటి వారమే నా పరువు పోయింది. కరెంటు పోయేలోపు ఒక కాగితం ప్రింటు తీయాలి. "అవసరం! అవసరం!" అని అరిచాను. అటెండరు పరిగెత్తుకొచ్చి, "ఏం కావాలండి?" అన్నాడు. "ఏమీ వద్దు, అవసరం!" అన్నాను. "వద్దంటారు, అవసరమంటారు, ఏంటండి బాబూ ఇది" అని పాపం మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. మన ఇంట్లో తమిళంలో లాగా అవసరం అంటే తొందర కదా. ఇక్కడ అట్లా కాదని సత్య గారు చెప్పేదాకా నాకు తెలియదు. నేను "యాడ", "ఏంది" అంటే ఆఫీసులో అందరూ మురిసిపోయి మళ్లీ అనమంటారు. వాళ్లేమో మనిషికీ అండీ అంటారు, మేకకీ అండీ అంటారు.

ఇక అసలు సంగతి. కాకా మెస్ గురించి ఆఫీసులో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది! ఇప్పుడు టీ తాగేటప్పుడు ప్రతి ఒక్కరూ పుదుచ్చేరి కాకికి ఒక గరిటె పెట్టి గానీ కప్పు దించరు. పోయిన వారం ఆ పేజీలో ఓటింగు జరిగింది, చూశావా? రోజూ ముందుగా వచ్చి, మెడ వంచి చూసే పెద్ద కాకి ఉంది కదా, దానికి పేరు పెట్టాలని. ఎక్కడెక్కడి వాళ్లో ఓట్లేశారు. మా ఆఫీసంతా ఏకగ్రీవంగా వేసింది. చివరికి 'బిర్యానీ' గెలిచింది!

మామకు చెప్పు, ఇక్కడ కూడా ఆయనకు అభిమానులు ఉన్నారని.

గెలిచిన పార్టీ తరఫున,
నీ అర్చిత

కోసపాళయం
9 ఆగస్టు 2025

అర్చితా,

ఎంత పని చేశావే! ఆ కాకి ఎవరనుకున్నావు? మీ అవ్వ!

నవ్వకు. ఆమె పోయిన మూడో రోజు నుంచీ అది మన పిట్టగోడ మీదికి వస్తోంది. నేను పోపు వేస్తుంటే వంటింటి కిటికీ దగ్గర మెడ ఒక పక్కకు వంచి చూస్తుంది. మీ అవ్వ కూడా అట్లాగే గుమ్మంలో నిలబడి, మెడ వంచి, "ఏంది, మాడబెడతా ఉండావా?" అనేది. ఇంట్లోకి కోడిగుడ్డు పెంకు కూడా రానివ్వని మనిషికి బిర్యానీ అని పేరా? మీ మామకు ఈ సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత భయపడి మిద్దెకేసి చూసి లెంపలు వేసుకున్నారు.

నాకు నవ్వు రావడం లేదు. ఎందుకో చెబుతాను. ఇరవయ్యో తేదీ బుధవారం మీ అవ్వ మొదటి దివసం, పోయి ఏడాది. ఆకులో పెట్టిన అన్నం కాకి ముట్టాలి, అప్పుడే మనం తినాలి. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆమె నా వంటను ఒక్కసారైనా బాగుందనలేదు. తిన్నది, వంక పెట్టింది, మళ్లీ పెట్టించుకుంది. ఆమె లేకుండా ఆమె కోసం వండడం ఇదే మొదలు. ఆ కాకి వచ్చి ముడితే చాలు, ఇంకే మెచ్చుకోలూ నాకు వద్దు. అయితే ఈ మెస్సువల్ల కాకులు బలిసిపోయి, నేను రోజూ పెట్టే ముద్ద వైపు ఓరగా కూడా చూడటం లేదు.

అందుకని ఆ రోజు ఎవరినీ బటన్ నొక్కవద్దని చెప్పమన్నాను. నందిత సెలవులకు వాళ్ల ఊరు వెళ్లింది. మీ మామ తానే చెబుతానన్నారు. "మా అమ్మ సంగతి అమ్మ మాటలోనే చెప్పాల" అని ఫోన్ ముందు గొంతు సవరించుకుని తెలుగులో చెప్పారు, ఫోనే దాన్ని రాసి పేజీలో పెట్టింది. 'బుధవారం మా అమ్మ దివసం. దయచేసి అందరూ సహకరించగలరు.' అంతే. నొక్కవద్దని తిన్నగా చెప్పవచ్చు కదా అన్నాను. "వచ్చిన గిరాకీని వద్దు, లేదు అనే నోరు కాదు మనది" అన్నారు. కొట్లో లేని సామాను అడిగినా లేదనరు, "వస్తా ఉండాది" అంటారు. నీకు తెలియనిదా?

మీ ఆఫీసు వాళ్లకు కూడా చెప్పు, సహకరించమని.

అత్త

యానాం
22 ఆగస్టు 2025

బంగారు అత్తకు,

నీ ఉత్తరం అందిన రోజే నన్ను ట్రైనింగుకని కాకినాడ పంపారు. అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోన్లు తీసుకుని పెట్టేసుకున్నారు. వెళ్లేముందు ఆఫీసు వాళ్లకు ఒకే మాట చెప్పాను, బుధవారం పేజీలో ఏం రాసి ఉందో చూసి అట్లాగే చేయండి అని.

నిన్న వచ్చి అడిగాను. అత్తా, ఏం మనుషులు వీళ్లు! "మీరు చెప్పాక చేయకుండా ఉంటామా అండీ? ఆఫీసంతా సహకరించాం. సెలవులో ఉన్నవాళ్లు కూడా ఇంటి నుంచి సహకరించారు" అన్నారు. అటెండరు అయితే వాళ్లావిడతో, పిల్లలతో కూడా సహకరింపజేశాడట. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ముక్కూ మొహం తెలియని మా అవ్వ కోసం!

ఈపాటికి అవ్వ కడుపు నిండి ఉంటుంది. నీ మనసు కూడా. వడలు ఎన్ని మిగిలాయి?

ఊరంత గర్వంతో,
అర్చిత

కోసపాళయం
28 ఆగస్టు 2025

అర్చితకు,

కడుపు నిండే ఉంది. అదే నా ఏడుపు. పుండు మీద కారం చల్లడం ఎప్పుడు నేర్చుకున్నావు? నీ ఉత్తరం చదివి మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను, కంటికి కనిపించకుండా.

ఆ రోజు తెల్లవారినప్పటి నుంచి గరిటె ఆగితే ఒట్టు. మీ మామ అలవాటుగా నింపిన డబ్బా ఖాళీ అయ్యేదాకా ఒంగుతూనే ఉంది. గోడ మీద అన్నం, మిద్దె మీద అన్నం. కోసపాళయం కాకులు చాలక తేంగాయితిట్టు రేవులో చేపలు తినే కాకులు కూడా వచ్చి పడ్డాయి. మీ మామ ఫోన్ పట్టుకుని వెర్రి చూపులు చూస్తారే గానీ యంత్రాన్ని ఎట్లా ఆపాలో తెలియదు. చివరికి నేనే వెళ్లి వైరు పీకాను, కానీ అప్పటికే చేయి దాటిపోయింది.

దివసం పెట్టించే అయ్యరు మంత్రాలు ముగించారు. ఆకు మిద్దె మీద పెట్టాం. మీ అవ్వ వచ్చింది. పిట్టగోడ మీద కూర్చుంది. ఆకు చూసింది, నన్ను చూసింది. ముక్కు రెండు వైపులా గోడకు తుడుచుకుని వెనక్కి తిరిగి కూర్చుంది. లోగనాయకి అటువైపు నుంచి గొంతు చించుకుని కా కా అని పిలిచింది. మీ మామ పిలిచారు. అయ్యరు కూడా పిలిచారు, ఆయనకు ఇంకో ఇంటికి పోవాలి. మధ్యాహ్నం దాటిపోయింది. మీ మామకు షుగరు, ఇక ఆకలికి ఆగలేరు. ఆవుకు పెట్టినా శాస్త్రం ఒప్పుకుంటుందని అయ్యరే దారి చూపారు. ఆవు తినేసింది. దానికేం, గోడ మీది పోస్టరు పెట్టినా తింటుంది.

భోజనం దగ్గర మీ మామ ఒక మాటన్నారు. "ఏం చేసినా, మా అమ్మకు నీ చెయ్యి పట్టలేదు వసంతా." ఆకలి మీద అన్నారు, తెలుసు. అయినా అన్నారు కదా. ఆ రోజు నుంచి నేను మాట్లాడటం లేదు. ఆయనా మాట్లాడటం లేదు. కాఫీ కావాలంటే గోడతో చెబుతారు, గోడకు కాఫీ ఇస్తాను.

ఇంత జరిగాక నీ ఉత్తరం వచ్చింది, ఆఫీసంతా సహకరించారని! గోరుచుట్టు మీద రోకటిపోటు.

వసంతకుమారి

యానాం
3 సెప్టెంబరు 2025

అత్తా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. అందుకే స్పీడు పోస్టులో పంపుతున్నాను. దయచేసి దీన్ని బియ్యం డబ్బా కింద పెట్టకముందు చదువు.

నీ ఉత్తరం చూశాను. వెంటనే కాకా మెస్ పేజీలో ఆ రోజు జనం రాసిన మాటలన్నీ పైకీ కిందికీ చూశాను. పువ్వుల బొమ్మలు, కేకుల బొమ్మలు, ముద్దుల బొమ్మలు! నాకు అర్థం కాలేదు. అప్పుడు మామ పెట్టిన మాట కింద అనువాదం బటన్ నొక్కాను. అత్తా, నువ్వు కూర్చుని ఉన్నావా? ఆ యంత్రం 'అమ్మ దివసం'ను మదర్స్ డే చేసింది! 'సహకరించగలరు' అన్నదాన్ని తలా ఒక చెయ్యి వేయండి అని మార్చింది. 'బుధవారం మా మదర్స్ డే, అందరూ తలా ఒక చెయ్యి వేయండి!' లోకమంతా వేసింది అత్తా. బ్రెజిల్ పళ్ల డాక్టరు వాళ్ల అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని నొక్కించాడు. జపాన్లో ఒక రైలు స్టేషన్ మాస్టరు ప్రతి రైలు వెళ్లాక ఒకసారి నొక్కాడు.

లోకం సంగతి సరే, మా ఆఫీసు తెలుగువాళ్లకేమైంది అంటావా? ఇక్కడ దాన్ని తద్దినం అంటారట. దివసం అంటే దినోత్సవం లాంటిదేమో అనుకుని అందరూ నొక్కారు. వీళ్ల సహకారం అదీ! విషయం చెప్పగానే ఆఫీసు మొత్తం చావు ఇల్లులా అయిపోయింది. అటెండరు నా దగ్గరికొచ్చి, "మీ అమ్మమ్మ గారి తద్దినానికి మా ఆవిడ చేత కేకు బొమ్మ పెట్టించానండి" అని లెంపలు వాయించుకున్నాడు. నాకు నవ్వాగలేదు. క్షమించు.

కాబట్టి విను. అవ్వకు నీ చెయ్యి పట్టకపోవడం కాదు, అవ్వకు ఆ రోజు మెతుకు పట్టే చోటు లేదు. ఇదంతా మామకు చదివి వినిపించు. గోడకు వినిపించినా సరే.

నేను పేజీలో జరిగినదంతా తిన్నగా రాశాను. కాకి తినేదాకా ఆ ఇంట్లో ఎవరూ తినరనీ, వండిన మనిషి అందరి తర్వాత తింటుందనీ రాశాను. ఎంతమంది క్షమాపణలు చెప్పారో! వాళ్లే ఓటింగు పెట్టుకున్నారు. పెద్దలకు పెట్టే రోజని నేను చెప్పిన మహాలయ అమావాస్య ఆదివారం నాడు ఎవరూ బటన్ ముట్టకూడదని తీర్మానం. దానికి 'బటన్ ఉపవాసం' అని పేరు. అత్తా, మళ్లీ ఒక్కసారి వండవూ?

చెవులు పట్టుకుని,
అర్చిత

కోసపాళయం
11 సెప్టెంబరు 2025

అర్చితా,

చదివాను. మీ మామకు కూడా వినిపించాను. ఆయన గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టి, "కాఫీ బాగుండాది" అన్నారు. గోడతో కాదు, నాతోనే. కానీ అన్న మాటను వెనక్కి తీసుకోలేదు.

వండుతాను. భయంగా ఉంది. ఈసారి ఏ బటనూ లేక, కడుపు ఖాళీగా ఉండి కూడా ముట్టకపోతే, ఇక నేను ఎవరి మీద నెపం పెట్టుకోను?

అత్త

కోసపాళయం
22 సెప్టెంబరు 2025

నా బంగారు కొండ అర్చితకు,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే సర్దుకో. నువ్వూ చూశావని తెలుసు. అయినా కెమెరా చూపించేది మిద్దె వరకేగా, మిగతాది నేను చెబుతాను.

అరటికాయ వేపుడు, గుమ్మడికాయ కూర, వడలు, పాయసం, చారు చేశాను. ఉప్పు వేసిన ప్రతిసారీ కిటికీ వైపు చూశాను. నందిత సెలవులయ్యి తిరిగొచ్చింది కదా, పేజీ నాకు కనిపించేలా ఒక ఫోన్ పిట్టగోడ మీద నిలబెట్టింది. ఎప్పుడూ లేనంత మంది వచ్చి ఉన్నారట. కానీ ఒక్క మాట లేదు. రోజూ కాకిగోల చేసే వాళ్లు, ఆ రోజు కాకి లేనట్టే నిశ్శబ్దం. డబ్బా నిండా అన్నం ఉంది, గరిటె కదలలేదు.

నేను ఆకు పెట్టి, కా కా అని రెండోసారి నోరు తెరిచేలోపే వచ్చేసింది మీ అవ్వ! తిన్నగా వచ్చి డబ్బా మీద వాలింది. గరిటెను ముక్కుతో కొట్టింది. ఏమీ పడలేదు. మళ్లీ కొట్టింది. కెమెరాలోకి కన్ను పెట్టి, ఏమర్రా, అందరూ చచ్చారా అన్నట్టు చూసింది. మీ మామ నా వెనక నిలబడి, "ఎవురూ నొక్కవద్దండయ్యా, మీకు దండం పెడతా" అని గొణుగుతున్నారు. జీవితంలో మొదటిసారి గిరాకీని వద్దన్నారే అనుకున్నాను, అంత గుబులులోనూ.

అప్పుడు దిగింది. ఆకు చుట్టూ ఒకసారి నడిచింది. మెడ వంచి నన్ను చూసింది. వడ ఒకటి లాగి పక్కన పెట్టుకుని, అన్నంలో ముక్కు పెట్టింది. ముట్టి వదల్లేదు అర్చితా, తిన్నది. పాయసం కూడా తిన్నది. లోగనాయకి వాళ్ల మిద్దె మీద పళ్లెం పట్టుకుని వాయించేసింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. మీ మామ పక్కన కూర్చుని, "నేను ఆ పొద్దు అన్న మాట తప్పు. నీ చెయ్యి పట్టకపోతే మా అమ్మ అన్నేండ్లు యాడ బతికుండేది?" అన్నారు. దానికి ఇంకా ఏడ్చాను.

తర్వాత కళ్లు తుడుచుకుని లేచాను. మీ మామకు ఆకు వేద్దామని కిందికి వెళ్లబోతే నందిత కేక పెట్టింది. "ఆంటీ, ఆగండి! వీళ్లు ఇంకో ఓటింగు పెట్టారు!" కాకి తర్వాత ఎవరు తినాలి అని ఓట్లేశారట. నేనంట! వండిన మనిషి తినేదాకా మేమెవరం తినం అని పట్టు పట్టారు. వండిన మనిషి చివర తింటుందని నువ్వు రాశావే, దాన్ని ఎట్లా అర్థం చేసుకున్నారో వాళ్లకే తెలియాలి. పళ్ల డాక్టరు అక్కడ తెల్లవారకముందే లేచి, టిఫిన్ ముట్టకుండా కూర్చున్నాడట. స్టేషన్ మాస్టరు డబ్బా ముందు పెట్టుకుని మూత తీయలేదట. మీ ఆఫీసు అటెండరు, "ఆదివారమండీ, మా ఇంట్లో పీతల పులుసు చల్లారిపోతోంది, దయచేసి కానివ్వండి" అని రాశాడు.

"ఇదేం పద్ధతి, ఆయన తినకుండా నేనెట్లా తింటాను" అన్నాను. మీ మామ అప్పటికే మిద్దె మీద చాప పరిచేశారు. "కూర్చో వసంతా. లోకమంతా ఆకలితో ఉండాది" అన్నారు. కిందికి పోయి గిన్నెలు మోసుకొచ్చారు. ఆయనే ఆకు కడిగారు, ఆయనే వడ్డించారు. పాత్రలు అమ్మే మనిషికి ఏ కూరకు ఏ గరిటో తెలియదు, పాయసం గరిటెతో చారు పోశారు. నేను వద్దంటున్నా ఇంకో గరిటె వేశారు.

కాకి అంత తొందరగా వచ్చేసింది కదా, అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. ముద్ద కలిపితే వేళ్లు కాలాయి. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో అందరికీ పెట్టి, గిన్నె అడుగున చల్లారిన దాంతో సరిపెట్టుకున్నాను. అదే నా వంట రుచి అనుకున్నాను.

అర్చితా, నా వంట వేడిగా ఉంటే చాలా బాగుంటుందే!

కడుపు నిండిన నీ అత్త,
వసంతకుమారి